ట్యాంకులో నీళ్లున్నాయా లేవా: డిబేట్ పిల్లలకు, మార్కులు వేసిన పెద్దలకు ఒక బహిరంగ లేఖ

విశాఖపట్నం,
2025 నవంబర్ 11

నమస్కారం.

మొన్న శనివారం మీ హాల్లో ఆఖరి వరసలో, తిరగని ఫ్యాన్ కింద కూర్చున్న ముసలాయన్ని నేనే. మా మనవరాలు ఓడిపోయిందన్న కోపంతో రాస్తున్నాననుకోకండి. ఆ పిల్ల జట్టే గెలిచింది. కప్పు ఇప్పుడు మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. "తాతయ్యా, ఎలా మాట్లాడాను?" అంటే "బాగా మాట్లాడావమ్మా" అన్నాను. అది నిజమే. కానీ రాత్రంతా ఏదో గుచ్చుకుంటూనే ఉంది. తెల్లారి బీచ్ రోడ్డులో నడుస్తుంటే అదేమిటో తట్టింది.

మీ అంశం "నమ్మదగని ప్రభుత్వంతో అణు ఒప్పందం చేసుకోవచ్చా?" 2015లో ఇరాన్‌తో జరిగిన ఒప్పందాన్ని ఉదాహరణగా తీసుకున్నారు. ఇటు జట్టు ఇరాన్‌ను నమ్మలేమంది. అటు జట్టు నమ్మాలి, నమ్మితేనే నమ్మకం పెరుగుతుందంది. "నమ్మకం" అన్న మాట ఎన్నిసార్లు వస్తుందోనని కరపత్రం వెనకాల గీతలు గీశాను, నాలుగు గీతలకో అడ్డగీత. పాత అలవాటు. ముప్పై దాటాక మానేశాను. ముగ్గురైతే "నమ్ము, కానీ తనిఖీ చేయి" అన్న రష్యన్ సామెత చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. దాన్ని అమెరికా అధ్యక్షుడు రీగన్ 1987లో సోవియట్ నేత గోర్బచేవ్ పక్కన ఉండగా చెప్పాడని కూడా ఒకబ్బాయి చెప్పాడు, సంతోషం. నా పేచీ ఆ సామెతలోని మొదటి సగంతోనే.

నేను ఇరవై తొమ్మిదేళ్లు ఈ పోర్టులో డ్రాఫ్ట్ సర్వేయర్‌గా పనిచేశాను. ఆ పనేమిటో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. బైలదిల్లా నుంచి కేకే లైన్‌లో వచ్చిన ఇనుప ఖనిజం ఔటర్ హార్బర్‌లో కన్వేయర్ మీద ఓడలోకి పడుతుంది. లక్ష టన్నుల సరుకు. అమ్మేవాడు ఇక్కడ, కొనేవాడు జపాన్‌లోనో ఇంకెక్కడో. అంత ఓడను ఏ కాటా మీద పెడతాం? అందుకని ఓడ నీళ్లలో ఎంత మునిగిందో చూస్తాం. ముందు, మధ్య, వెనక, రెండు పక్కలా కలిపి ఆరు చోట్ల పొట్ట మీద రాసిన అంకెలు చదవాలి. కెరటం లేస్తుంటే పడవలో నిలబడి, లేచినప్పుడొకటి దిగినప్పుడొకటి చూసి మధ్యలోది రాసుకోవాలి. సముద్రపు నీళ్ల చిక్కదనం హైడ్రోమీటర్‌తో చూడాలి. ఓడలో ఉన్న ఆయిలు, మంచినీళ్లు, ఓడ నిలకడ కోసం ట్యాంకుల్లో నింపే బ్యాలస్ట్ నీళ్లు అన్నీ కొలిచి తీసెయ్యాలి. లోడింగ్‌కు ముందొకసారి, తర్వాత ఒకసారి. రెండింటికీ తేడా సరుకు. ఆ కాగితం మీద మా సంతకం పడితేనే డబ్బు కదులుతుంది.

ఒక సంగతి చెప్తాను. తొంభైల్లో ఒక విదేశీ ఓడ. పేరెందుకులెండి. లోడింగ్ అయిపోయింది, రాత్రి రెండు గంటలు. చీఫ్ ఆఫీసర్ బ్యాలస్ట్ ట్యాంకులన్నీ ఖాళీ అని కాగితం రాసిచ్చాడు. మనిషి మర్యాదస్తుడు, కాఫీ కూడా ఇప్పించాడు. నేను ట్యాంకులో నీళ్ల లోతు చూసే సౌండింగ్ టేపు పట్టుకుని డెక్ మీదికి వెళ్తుంటే నవ్వి, "నా మాట మీద నమ్మకం లేదా?" అన్నాడు. లేదనీ అనలేదు, ఉందనీ అనలేదు. టేపు దించాను. ఒక ట్యాంకులో నీళ్లు తగిలాయి. లెక్క వేస్తే దగ్గర దగ్గర మూడు వందల టన్నులు. నేను టేపు దించకపోయుంటే మూడు వందల టన్నుల సముద్రపు నీళ్లు ఇనుము ధరకు అమ్ముడుపోయేవి. అతను కావాలని దాచాడో, పంపు సరిగ్గా లాగలేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవలసిన అవసరమే రాలేదు. అంకె దిద్దాం, ఇద్దరం సంతకాలు పెట్టాం, పొద్దున్నే ఓడ వెళ్లిపోయింది. తర్వాతిసారి అదే మనిషి అదే రేవుకు వచ్చినప్పుడు టేపు తనే తెచ్చి నా చేతికిచ్చాడు. మేమేమీ స్నేహితులం కాలేదు.

మీ రెండు జట్లకూ దొరకనిది ఈ ముక్కే. అవతలివాడి మనసులో ఏముందో తేల్చుకున్నాక కూర్చుని రాసుకునేదైతే దానికి ఒప్పందం అని పేరెందుకు? పూర్ణా మార్కెట్‌లో చేపలు కొనేటప్పుడు ఆవిడ గుణగణాలు విచారిస్తామా, కాటా ముల్లు చూస్తామా?

ఇప్పుడు 2015 కాగితంలోకి వద్దాం. ఆ ఏడాది జూలై 14న వియన్నాలో కుదిరింది. ఒకపక్క ఇరాన్. ఇంకోపక్క అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా, చైనా, జర్మనీ, వాళ్లతో యూరోపియన్ యూనియన్. ఇరాన్ శుద్ధి తగ్గిస్తే వీళ్లు ఆంక్షలు ఎత్తేయాలి, అదీ బేరం. అందులో 3.67 శాతం అన్న అంకె ఒకటుంది. వేదిక మీద ఇద్దరు ఆ అంకె చెప్పారు, అదెందుకో ఎవరూ చెప్పలేదు. చేటలో బియ్యం పోసుకున్నామనుకోండి. వెయ్యి గింజలు. అందులో మనకు కావలసినవి ఏడే. గనిలోంచి తీసిన యురేనియంలో పనికొచ్చే 235 రకం ఉండేది అంతే, 0.7 శాతం. మిగతావి ఏరి పారేస్తూ పోవాలి. ఎనిమిది వందల పైన ఏరేస్తే సుమారు నూట తొంభై మిగులుతాయి, అందులో మన ఏడు. అది 3.67 శాతం, కరెంటు తీసే రియాక్టర్‌కు సరిపోయే రకం. ఇంకా ఏరి ముప్పై అయిదుకు తెస్తే 20 శాతం. పన్నెండుకు తెస్తే 60 శాతం. అక్కడి నుంచి ఇంకో నాలుగు గింజలు ఏరితే 90 శాతం, బాంబు సరుకు. అంటే మొదటి మెట్టులోనే చాకిరీలో ఎక్కువ భాగం అయిపోతుంది. 60 దగ్గర కూర్చున్నవాడు గుమ్మంలోనే ఉన్నట్టు. అసలు ఏరుడు ఇలా ఒక్కొక్క గింజా తీసినట్టు ఉండదు, సెంట్రిఫ్యూజ్‌లలో గ్యాస్‌ను గిరగిరా తిప్పుతారు, కొంత వృథా కూడా పోతుంది. లెక్క అర్థం కావడానికి చేట చాలు.

ఆ ఒప్పందం ప్రకారం ఇరాన్ పదిహేనేళ్లు 3.67 దాటకూడదు. నిల్వ 300 కిలోలు దాటకూడదు. పంతొమ్మిది వేల దాకా ఉన్న సెంట్రిఫ్యూజ్‌లలో నతాంజ్ శుద్ధి కేంద్రంలో తిరిగేవి 5,060. కొండ కింద తవ్విన ఫోర్దోలో శుద్ధి బంద్. అరాక్ రియాక్టర్ గుండె తీసి కాంక్రీటు పోశారు. ఆ ఏడాది డిసెంబర్‌లో సుమారు 11 టన్నుల శుద్ధి చేసిన యురేనియం సరుకు ఓడ ఎక్కి రష్యా వెళ్లిపోయింది. ఆ వార్త చదివినప్పుడు ఆ ఓడకు సర్వే ఎవరు చేశారా అనే నాకు ముందు అనిపించింది, బుద్ధి ఎక్కడికి పోతుంది! యురేనియం గనుల నుంచి సెంట్రిఫ్యూజ్ భాగాలు చేసే షాపుల దాకా అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, అంటే ఐఏఈఏ, వాళ్ల కళ్లు, కెమెరాలు, సీళ్లు. గనుల మీద నిఘా పాతికేళ్లు.

ఎంత సన్నగా చూశారంటే, భారజలం, అంటే కొన్ని రకాల రియాక్టర్లలో వాడే బరువు నీళ్లు, 130 టన్నులు దాటకూడదన్న షరతు ఒకటుంది. 2016 నవంబర్‌లో అది 130.1 టన్నులకు చేరింది. వంద కిలోల తేడా. నివేదికలోకి ఎక్కింది, ఇరాన్ కొంత సరుకు దేశం దాటించవలసి వచ్చింది. లక్ష టన్నుల ఓడలో అర శాతం అటూ ఇటూ అయితే సరేననుకునే మాలాంటివాళ్లకు ఆ అంకె చూస్తే ముచ్చటేస్తుంది.

వ్యతిరేక జట్టు చెప్పినవి అబద్ధాలని నేను అనను. మా పిల్లతో సహా అందరూ బాగానే చదువుకొచ్చారు. నతాంజ్ సంగతి 2002లో బయటివాళ్లు చెప్తే తెలిసింది, ఫోర్దో 2009లో. 2003కు ముందు బాంబుకు పనికొచ్చే పనులు ఇరాన్ ఒక పద్ధతిలో చేసిందని ఐఏఈఏయే 2015 డిసెంబర్‌లో తేల్చింది. కాబట్టి ట్యాంకులో నీళ్లు దాచే అలవాటు ఉన్నవాళ్లే. సరే. అయితే టేపు ఇంకా పొడుగ్గా కావాలి. ఓడ దిగి ఇంటికి పోవాలని ఎలా అవుతుంది?

వాళ్లిచ్చిన ఉత్తర కొరియా ఉదాహరణ ఇంతకంటే గట్టిది, దానికి అటు జట్టు జవాబు చెప్పలేకపోయింది. అమెరికాతో చేసుకున్న 1994 ఒప్పందంతో యోంగ్‌బ్యోన్ అణు కేంద్రంలో ప్లుటోనియం, అంటే ఇంకో రకం బాంబు సరుకు, తీసే పని ఆగింది, సీళ్లు పడ్డాయి, తనిఖీ మనుషులు అక్కడే ఉన్నారు. ఎనిమిదేళ్లు ఆ సీళ్లు నిలిచాయి. కానీ పక్కదారిలో యురేనియం పని మొదలైందన్న గొడవ 2002లో వచ్చింది, ఒప్పందం కూలింది, తనిఖీవాళ్లను వెళ్లగొట్టారు, 2006 అక్టోబర్‌లో బాంబు పేల్చారు. దీన్ని నేను ఇలా చదువుతాను: సీలు వేసిన ట్యాంకు సరిగ్గానే ఉంది, టేపు దించని ట్యాంకు ముంచింది. 2015లో గని దగ్గర నుంచే లెక్క మొదలుపెట్టింది అందుకే.

ఆ కాగితంలో నాకు అస్సలు నచ్చనిది వేరే ఉంది. పార్చిన్ అనే సైనిక స్థావరంలో 2015 సెప్టెంబర్‌లో శాంపిళ్లు తీశారు. తీసింది ఇరాన్ మనుషులు. ఐఏఈఏ పర్యవేక్షణలోనే తీశారు, పద్ధతి ప్రకారమే జరిగిందని ఆ సంస్థ చెప్పింది. కానీ మా యార్డులో తేమ శాతం చూడటానికి శాంపిల్ తీసేటప్పుడు సరుకు అమ్మేవాడి చెయ్యి పారకు తగలనిచ్చేవాళ్లం కాదు. ఎక్కడ తడి తక్కువో వాడికి తెలుసు కదా. మీరెవరైనా ఇది ఎత్తి ఉంటే నేనే లేచి చప్పట్లు కొట్టేవాణ్ణి. అనుమానం వచ్చిన కొత్త చోటికి వెళ్లాలంటే గొడవ తేలడానికి 24 రోజుల దాకా పట్టవచ్చన్న ఏర్పాటూ అంతే. యురేనియం జాడ 24 రోజుల్లో కడిగితే పోదంటారు. కావచ్చు. మిగతా సామాను పోతుంది. క్షిపణుల ఊసు లేకపోవడం, పది పదిహేనేళ్లకు కట్లు ఒక్కొక్కటీ వదులు కావడం మీరే చెప్పారు, నాకు కొత్తగా చెప్పేదేమీ లేదు.

అమెరికా సెనేట్‌లోనూ 2015 సెప్టెంబర్‌లో ఇదే పేచీ నడిచింది. ఒప్పందాన్ని తిరస్కరించే తీర్మానాన్ని ఓటుకు తెద్దామని 58 మంది అన్నారు, 42 మంది వద్దన్నారు. 60 కావాలి, ఆగిపోయింది. అక్కడి ఉపన్యాసాల్లోనూ నమ్మకం అన్న మాటకే ఎక్కువ గిరాకీ.

ఇక మార్కులు వేసిన పెద్దలకు ఒక మాట. "నమ్మదగని ప్రభుత్వం" అని అంశంలో రాసినప్పుడు అది ఏ ప్రభుత్వమో మీరు ముందే తేల్చేసుకున్నారు. టెహ్రాన్‌లో ఇదే డిబేట్ పెడితే? 1953లో ఎన్నికైన ప్రధాని మొసాదెగ్‌ను కూలదోయడంలో అమెరికా, బ్రిటన్ల గూఢచారుల చెయ్యి ఉంది. 1988లో 290 మందితో వెళ్తున్న ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని అమెరికా యుద్ధనౌక కూల్చింది. టెహ్రాన్‌లో తమ ఎంబసీ మనుషులు 444 రోజులు బందీలుగా ఉన్న సంగతి అమెరికావాళ్లు మర్చిపోరు, ఇరాన్‌వాళ్లు ఇవి మర్చిపోరు. ఇంతకీ 2018 మే 8న బల్ల దగ్గర నుంచి లేచి వెళ్లిపోయింది ఎవరు? అమెరికా. అప్పటికి ఇరాన్ పరిమితుల్లోనే ఉందని ఐఏఈఏ నివేదికలు చెప్తున్నాయి. అంటే తూకం సరిపోయింది, కొన్నవాడు డబ్బు ఆపేశాడు.

తర్వాత ఏడాదికి ఇరాన్ గీతలు దాటడం మొదలుపెట్టింది. 2021 జనవరిలో 20 శాతం, ఏప్రిల్‌లో 60. 2022లో కెమెరాలు పీకించింది. ఈ ఏడాది జూన్ 13న ఇజ్రాయెల్ దాడులు, 22న ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాల మీద అమెరికా బాంబులు. దాడులు మొదలయ్యేనాటికి 60 శాతం సరుకు 440.9 కిలోలని ఐఏఈఏ అంచనా. ఇంకాస్త శుద్ధి చేస్తే ఆ సంస్థ కొలమానం ప్రకారం పది బాంబుల దాకా వచ్చేంత. ఇప్పుడది ఎక్కడుంది, ఎంతుంది? చెప్పగలిగే మనిషి అక్కడ లేడు. ఒకప్పుడు వంద కిలోల భారజలం తేడా పట్టుకున్న లెక్క ఇక్కడికి వచ్చింది. సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితి ఆంక్షలు కూడా తిరిగొచ్చాయి. గెలిచిన జట్టు తన ముగింపులో "బాంబులే జవాబు చెప్పాయి" అన్నప్పుడు హాలంతా చప్పట్లు. బాంబు గోడ కూలుస్తుందమ్మా. ట్యాంకులో ఎన్ని టన్నులున్నాయో చెప్పదు.

ఇదంతా ఎక్కడో పరాయి గొడవ అనుకునేవాళ్లు ఆర్కే బీచ్‌లో 1971 యుద్ధ స్మారకం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ డిసెంబర్‌లో మన ఊరి ముందే మునిగింది. మనకు వాళ్ల మీద నమ్మకం ఎంతో వేరే చెప్పాలా? అయినా 1988 డిసెంబర్ 31న, రాజీవ్ గాంధీ, బెనజీర్ భుట్టో ప్రధానులుగా ఉండగా, రెండు దేశాలూ ఒక కాగితం రాసుకున్నాయి. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదు. ఏటా జనవరి 1న ఎవరి కేంద్రాల జాబితా వాళ్లు అవతలివాళ్లకు ఇవ్వాలి. 1992 నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. కార్గిల్ తర్వాత ఇచ్చుకున్నారు. ముంబయి దాడులు జరిగి నెల దాటిన కొద్ది రోజులకే ఇచ్చుకున్నారు. పుల్వామా తర్వాత ఇచ్చుకున్నారు. మే నెల యుద్ధం తర్వాత రాబోయే జనవరి 1 మొదటిది. పందెం కాయమంటే ఇచ్చుకుంటారనే కాస్తాను. ఆ జాబితాను ఎవరూ వెళ్లి సరిచూడరు, చాలా పల్చటి కాగితం. నమ్మకం లేకుండానే ముప్పై ఏళ్లు దాటి నడుస్తోంది. మీ నలభై నిమిషాల్లో ఇది ఒక్కసారి కూడా రాలేదు.

ఇంకొకటి. "మన దేశంలోకి విదేశీ తనిఖీవాళ్లను అడుగుపెట్టనిస్తామా?" అని ఒకబ్బాయి ఆవేశంగా అడిగాడు. బాబూ, ఎప్పటి నుంచో పెడుతున్నారు. 1974 పోఖ్రాన్ అణు పరీక్ష తర్వాత ప్రపంచం మననూ నమ్మలేదు. అణు సామగ్రి అమ్మే దేశాలు ఒక జట్టు కట్టిందే మన వల్ల. 2008లో అమెరికాతో ఒప్పందం కుదిరే ముందు మన 22 రియాక్టర్లలో 14 ఐఏఈఏ తనిఖీ కిందికి తెస్తామని మనమే ఒప్పుకున్నాం. బయటి నుంచి తెచ్చిన ఇంధనం వాడే చోట, అణు ఇంధనం తయారుచేసే హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీలో కొన్ని విభాగాలతో సహా, వాళ్లు వచ్చి లెక్క చూస్తారు. మిలిటరీ పక్క తలుపులు మూసే ఉన్నాయి. అణు జలాంతర్గామి అరిహంత్‌ను ఇక్కడే కట్టారు, 2009లో ఇక్కడే నీళ్లలోకి దిగింది, దాని జోలికి ఎవరూ రాలేదు. ఏ తలుపు తెరవాలి, ఏది మూయాలి అని గీత గీసుకోవడంలోనే మూడేళ్ల పైన బేరం నడిచింది. మనను నమ్మి ఎవరూ సంతకం పెట్టలేదు.

మా వీధిలో ఇద్దరు కుర్రాళ్లు ట్యాంకర్ల మీద పనిచేస్తారు. ఇటు శ్రీకాకుళం నుంచి అటు అనకాపల్లి దాకా ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. 2019 జూలైలో హోర్ముజ్ జలసంధి దగ్గర ఇరాన్ ఒక బ్రిటిష్ ట్యాంకర్‌ను పట్టుకున్నప్పుడు అందులోని 23 మందిలో 18 మంది మనదేశం వాళ్లే. ఈ జూన్‌లో మా పక్కింటావిడ పన్నెండు రోజులు ఫోన్ చేతిలోంచి దించలేదు. ఆవిడకు 3.67 అంటే తెలియదు. టెన్షన్ మాత్రం తెలుసు.

కప్పు వెనక్కి ఇవ్వమని అడగడం లేదు, ఇంట్లో గొడవైపోతుంది. మీ మార్కుల షీటులో "ఉచ్చారణ", "ఆత్మవిశ్వాసం", "సమయపాలన" అని మూడు గళ్లున్నాయి. నాలుగో గడి ఒకటి గీయండి: అంకె సరిగ్గా చెప్పి, ఆ అంకె ఎందుకో చెప్పినవాళ్లకు. వచ్చే ఏడాది ఇదే అంశం పెడితే ఇలా మార్చండి: "అవతలివాడు అబద్ధమాడతాడనే అనుకుందాం. ఏ తలుపు తెరిపించాలి, శాంపిల్ ఎవరి చేత తీయించాలి?" రెండు జట్లకూ చెమటలు పడతాయి.

నా హైడ్రోమీటర్, సౌండింగ్ టేపు ఇంకా అటక మీద ఉన్నాయి. చూడాలనుకున్న పిల్లలు ఏ ఆదివారమైనా పొద్దున ఆరుకు ఫిషింగ్ హార్బర్ దగ్గరికి రండి. బోట్లు దిగేటప్పుడు నీళ్ల గీత ఎలా చదవాలో చూపిస్తాను. మా మనవరాలు ఈ ఆదివారం వస్తానంది, లేస్తే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాఫ్ట్ సర్వేయర్